మా ఆవిడ గిటార్ చప్పుడు

మా ఆవిడ రెండేళ్లుగా గిటార్ వాయిస్తోంది. అది ఎలా మోగుతుందో మాత్రం నాకు తెలియదు.

వినడానికి విడ్డూరంగా ఉంటుంది కానీ నిజం. అది కరెంటు గిటార్. అందులోనూ బేస్ గిటార్ అట, నాలుగే తీగలు, అన్నీ లావుపాటివే. స్పీకర్ డబ్బాకి తగిలిస్తే తప్ప నోరు విప్పదు. గిటార్‌తో పాటు కొన్న ఆ డబ్బా అట్టపెట్టెలోంచి బయటికే రాలేదు. ఆవిడ రోజూ సాయంత్రం మంచం చివర కూర్చుని ఉత్త గిటార్ వాయించుకుంటుంది. హాల్లో టీవీ ముందున్న నాకు వినపడేదల్లా గోళ్లు గిల్లుకుంటున్నట్టు టిక్కుటిక్కుమనే చప్పుడు. స్కూల్లో లెక్కలు చెప్పే మనిషికి యాభై దాటాక ఇదేం సరదా అని నేను అడగలేదు. నాకూ ప్రాణం మీద తీపి ఉంది.

ఆ స్కూల్లో నలుగురు టీచర్లు కలిసి బ్యాండు పెట్టారు. పేరు ‘స్టాఫ్ రూమ్’. పాడేది కెమిస్ట్రీ మేడమ్, డ్రమ్స్ మీద డ్రిల్లు మాస్టారు, మామూలు గిటార్ లైబ్రేరియన్‌ది. మా ఊరి మైదానంలో ఏడాదికోసారి చిన్నచిన్న బ్యాండ్లన్నీ చేరి పొద్దున మొదలుపెట్టి పొద్దుగూకేదాకా వాయిస్తాయి. సినిమా పాటలు కుదరవు, ఎవరి పాటలు వాళ్లే కట్టుకోవాలి. ఈసారి సాయంత్రం వరసలో వీళ్లకీ చోటు దొరికింది.

ఆ రోజు పొద్దున టీ కప్పు చేతికిస్తూ ఆవిడ అసలు సంగతి బయటపెట్టింది.

“ఏవండీ, ఇవాళ నేను వాయించేది మీకు వినపడిందో లేదో నిజం చెప్పాలి. మొన్న రిహార్సల్‌కి మా అక్క వచ్చి, ‘అందరూ వాయిస్తుంటే నువ్వు ఊరికే నిలబడ్డావేంటే?’ అంది. పాటంతా నేను వాయిస్తూనే ఉన్నాను. మీకూ వినపడకపోతే చెప్పేయండి, మానేస్తాను. ఉన్నానో లేనో ఎవరికీ తెలియని చోట నిలబడటం నావల్ల కాదు.”

“వినపడకేం, భేషుగ్గా వినపడుతుంది.”

“నా మనసు కోసం చెప్పొద్దు. అబద్ధమాడితే మీ చెవులు ఎర్రబడతాయి.”

అదీ నిజమే. పెళ్లయిన కొత్తలోనే కనిపెట్టేసింది. అప్పట్నుంచీ నేను ఏం చెప్పినా ముందు చెవులు చూసి, తర్వాత మాట వింటుంది.

మానేస్తాను అన్నప్పుడు ఆవిడ గొంతు నాకు నచ్చలేదు. పరీక్ష పేపర్లు దిద్దీదిద్దీ ముడుచుకుపోయిన ఆ మొహం ఈ రెండేళ్లలోనే కాస్త విప్పారింది. అది మళ్లీ ముడుచుకుంటే నేను చూడలేను. కానీ బేస్ అంటే ఏ చప్పుడో తెలియకుండా వినపడిందని ఎలా చెప్పేది? అందుకే నా కళ్లజోళ్ల షాపుకి తాళం వేసి, పొద్దున్నే మైదానానికి బయల్దేరాను. సాయంత్రంలోపు ఎలాగైనా నేర్చుకోవాలి.

మొదటి బ్యాండు పేరు ‘పక్కింటి గోడ’. ముగ్గురు ఆడపిల్లలు, పోయిన సైకిల్ తాళంచెవి మీద పాట. తాళంచెవి కోసం ఇంత ఏడుపా అనుకున్నాను కానీ, రెండో చరణానికి నా జేబు నేనే తడుముకున్నాను. వాళ్ల అరుపుల అడుగున ఏదో లావుపాటి శబ్దం, మ్మ్‌మ్మ్‌మ్మ్ అని, ఆగకుండా వస్తోంది. దొరికింది! ఇంత తేలికా? మైదానం మధ్యలో చిన్న టెంటు కింద, మెడలో తువ్వాలుతో ఒకమ్మాయి మీటల బల్ల ముందు నిలబడి ఉంది. అన్ని మైకులూ, గిటార్లూ ఆ బల్ల మీదుగానే పెద్ద స్పీకర్లలోకి వెళ్తాయట. పాట అయ్యాక వెళ్లి, బేస్ చాలా బాగుందని మెచ్చుకున్నాను.

“వాళ్లకి బేస్ గిటారే లేదంకుల్,” అంది సౌండమ్మాయి. “మీరు విన్నది స్టేజీ వెనక జనరేటర్.”

తర్వాతి వాళ్లు ‘ఎండ్రకాయలు’. మండే ఎండలో రెయిన్‌కోట్లు వేసుకుని వచ్చారు. ఇంకో బ్యాండు జనానికి వీపు పెట్టి వాయించింది. ఏమిటంటే సిగ్గట! సిగ్గున్న వాళ్లకి స్టేజీ ఎందుకో నాకు అర్థం కాలేదు గానీ, ఆ వీపుల్ని చూస్తూ పాటంతా కదలకుండా విన్నాను. ఈసారి గుండెల మీద ధమ్‌మని తగిలే చప్పుడు పట్టుకున్నాను. మళ్లీ టెంటు దగ్గరికి పరిగెత్తాను.

“అది డ్రమ్స్‌లో పెద్దది. కాలితో కొడతారు,” అంది.

నాకు ఒళ్లు మండింది. ఆ అమ్మాయి మీద కాదు, నా చెవుల మీద. పట్టుబడటానికి తప్ప వీటివల్ల ఏమన్నా ఉపయోగం ఉందా? ఇక దాచి లాభం లేదని, మా ఆవిడ సంగతంతా చెప్పేశాను.

“మా షాపులో ఒకటే పద్ధతమ్మా. కంటికి అద్దం పెట్టి ‘ఇలా బాగుందా?’ అంటాం. తీసేసి ‘మరి ఇలా?’ అంటాం. పెట్టీ తీసీ చూపిస్తేనే తేడా తెలిసేది. చెవికి అలా చెయ్యలేవూ?”

ఆ అమ్మాయి పకపకా నవ్వి, హెడ్‌ఫోన్లు తీసి నా తలకి తగిలించింది. స్టేజీ మీద వేరే బ్యాండు వాయిస్తోంది. ఆమె ఒక మీట నొక్కగానే మిగతావన్నీ పోయి, లావుగా, నిదానంగా, పక్కగదిలో ఎవరో బీరువా జరుపుతున్నట్టు ఒక్క శబ్దం మిగిలింది.

“ఇదే మీ ఆవిడ వాయించేది,” అని అన్నిటినీ కలిపింది. బేస్ వాటిల్లో కలిసిపోయింది. “ఇప్పుడు దీన్ని తీసేస్తా, మీ ఒక్కరికే.”

తీసింది. గిటారుంది, గొంతుంది, డ్రమ్సున్నాయి. కానీ పాట కాళ్లు నేలకి ఆనడం మానేశాయి.

“మళ్లీ పెట్టు,” అన్నాను. పెట్టింది. “తియ్యి.” తీసింది. మధ్యాహ్నం ఎండ దిగేదాకా, కుదిరినప్పుడల్లా పెట్టించుకుంటూ తీయించుకుంటూ అక్కడే నిలబడ్డాను. భోజనం సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

సాయంత్రం ‘స్టాఫ్ రూమ్’ స్టేజీ ఎక్కింది. మా ఆవిడ ఒక వారగా, డ్రిల్లు మాస్టారి పక్కన, నేను చేసిచ్చిన కళ్లజోడులోంచి వేళ్లవంకే చూసుకుంటూ నిలబడింది. పాట మొదలైంది. హెడ్‌ఫోన్లు లేకుండానే వినపడింది! బీరువా కాదు, మా ఆవిడే. స్కూల్లో లెక్క చెప్పినట్టే, ఒక్కో మెట్టూ వదలకుండా, తొందరపడకుండా. రెండు పాటలు నోరు తెరుచుకుని విన్నాను. నా చుట్టూ జనం తలలూపుతున్నారు.

మూడో పాట మధ్యలో పాట కాళ్ల కింద నేల పోయింది. స్టేజీవంక చూస్తే మా ఆవిడ వేళ్లు ఆడుతూనే ఉన్నాయి. ఊగుతున్న తలలు ఆగాయి, ఒకరిద్దరు ఫోన్లు తీశారు. సౌండమ్మాయేమో కుయ్యోమంటున్న కెమిస్ట్రీ మేడమ్ మైకుతో తంటాలు పడుతోంది.

“బేస్ లేదు!” అని టెంటు దగ్గరికెళ్లి కేకపెట్టాను.

ఆమె బల్లవంక చూసి నాలుక కరుచుకుంది. “అయ్యో, అవునంకుల్!” చేతిలోని వాకీటాకీలో ఏదో చెప్పింది. స్టేజీ వెనకనుంచి ఒకతను వంగి వచ్చి, మా ఆవిడ వెనకున్న స్పీకర్ డబ్బా నుంచి మీటల బల్లకి వెళ్లే కేబుల్ ఊడి ఉంటే లోపలికి నొక్కాడు. నేల తిరిగొచ్చింది. తలలు మళ్లీ ఊగాయి. ఎందుకు ఆగాయో, ఎందుకు ఊగాయో ఆ జనంలో ఎవరికీ తెలియదు.

ఆవిడ స్టేజీ దిగి తిన్నగా నా దగ్గరికొచ్చింది.

“వినపడిందా?”

“మొదటి రెండు పాటల్లో వినపడ్డావు. మూడోదాని మధ్యలో కాసేపు లేవు.”

“అదేంటి, నేను వాయిస్తూనే ఉన్నానుగా?”

“కేబుల్ ఊడింది. నీ వెనకున్న డబ్బా మోగుతూనే ఉంది కాబట్టి నీకు తెలియలేదు. మాకు పాటే కూలబడింది.”

“కేబుల్ ఊడిందని మీకెవరు చెప్పారు?”

“నాకొకరు చెప్పేదేంటి? నువ్వు లేవని నేనే వెళ్లి వాళ్లకి చెప్పాను.”

ఆవిడ నా గడ్డం పట్టుకుని తల కుడికి తిప్పింది, ఎడమకి తిప్పింది. రెండు చెవులూ చూసింది. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, “మోయండి,” అని గిటార్ నా భుజానికి తగిలించింది. చచ్చేంత బరువుంది.

దారిలో అడిగాను. “ఇంట్లో ఆ డబ్బాకి ఎందుకు తగిలించవు?”

“మీకు టీవీలో వార్తలు వినపడొద్దూ?”

నేనేమో ఈ రెండేళ్లూ గిటార్‌కి గొంతు లేదనుకున్నాను.

మర్నాడు సాయంత్రం ఆవిడ స్కూలు నుంచి వచ్చేసరికి అట్టపెట్టె విప్పి, డబ్బా హాల్లో పెట్టి ఉంచాను. హాల్లో ఉన్న ప్లగ్గు ఒక్కటే. టీవీ తీగ పీకేశాను.

“మరి మీ వార్తలు?” అంది గుమ్మంలోనే నిలబడి.

“నాకు వాటి మీద అంత మోజేం లేదులే,” అన్నాను.

చెవులు రెండూ వేడెక్కడం నాకే తెలుస్తోంది. ఆవిడ చూసింది, నవ్వింది, గిటార్ తెచ్చి డబ్బాకి తగిలించింది.