సాల్వతోరే పాటల పట్టీ

జర్మనీలో ముసలాళ్లను చూసుకునే ఆ ఆశ్రమంలో ఆయా ఏసుకుమారి, వేడినీళ్ల గుడ్డ పిండి సాల్వతోరే వీపు తుడుస్తోంది. బక్కచిక్కిన డొక్కల మీద గుడ్డ ఆగి ఆగి జారుతోంది. ఆయన కళ్లు తెరవకుండానే ఇటాలియన్‌లో పాడాడు: “పిల్లా, కిటికీ తెరువు.”

“ఇదిగో నాన్నా,” అంటూ ఆమె బెడ్‌పాన్ అందుకుంది.

బ్యోబ్లింగెన్‌లో కార్ల ఫ్యాక్టరీలో బతుకంతా పనిచేసిన మనిషి. మతిమరుపులో జర్మన్ మొత్తం పోయి, ఇటలీలోని సొంతూరి ప్రేమపాటల ముక్కలు మిగిలాయి. వాటికి రెండేసి అర్థాలుంటాయని మాట బాగున్న రోజుల్లో ఆయనే చెప్పాడు. కిటికీ అంటే పిల్ల మనసొక్కటే కాదట. రెండోది చెప్పి పడీపడీ నవ్వాడు. విన్న పాపానికి ఏసుకుమారి ఆ ఆదివారం చర్చిలో క్షమాపణ అడుక్కుంది.

మూడో అర్థం ఆమే కనిపెట్టింది. కిటికీ అంటే బెడ్‌పాన్. ‘నీ చేతులు మంచు’ అంటే దుప్పటి. ‘తేనె ఇవ్వవా’ అంటే దాహం.

ఇవాళ వీసా ఆఫీసులో టెర్మిన్, నెలల ముందు దొరికిన అపాయింట్‌మెంట్. ఏ పాటకు ఏం కావాలో పట్టీ రాసి, పని నేర్చుకుంటున్న వరంగల్ పిల్ల సహానా చేతిలో పెట్టింది.

“ఆంటీ, బాత్రూంకి గూడ లవ్ సాంగేనా?”

“నవ్వకే. అర్థం కాలేదనుకో, చంటిపిల్లాడిలా ఏడుస్తాడు. నీళ్లు పట్టేటప్పుడు తల ఎత్తి పట్టు, పొలమారుద్ది. ఫోను దగ్గరెట్టుకో.”

“మీరు పోండి ఆంటీ. టెర్మిన్ మళ్ల దొరుకది.”

ఆఫీసు బెంచీ మీద ఆమెకు కుదురు లేదు. పొలమారిందేమో. మంచం మీంచి జారాడేమో. సహానాకు మూడుసార్లు ఫోను చేసింది, ఎత్తలేదు. మాగ్డెబర్గ్‌లో చదివే కూతురు హెప్సీకి చేస్తే, “క్లాస్‌లో ఉన్నా మమ్మీ,” అని పెట్టేసింది. ఇంకెవరికి చెయ్యాలో తోచక ఫోను ఒళ్లో పెట్టుకుంది.

తిరిగొచ్చేసరికి సహానా వరండాలో నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“గంటయితుంది ఆంటీ. నిద్రల పోయినట్టే పోయిండు.”

“ఏదో అడిగే ఉంటాడే! ఏం పాడాడు? పట్టీ చూశావా?”

“చూసిన. అండ్ల లేదు. గని ఎప్పటి లెక్క ఒక్క ముక్క గాదు ఆంటీ. నా చెయ్యి వట్టుకొని పాట మొత్తం పాడిండు. ఆఖరు దాంక.”

ఏసుకుమారి లోపలికి వెళ్లి మంచం అంచున కూర్చుంది. మూడేళ్లలో ఆయన నోట ఒక్క పాటా ఆమె పూర్తిగా వినలేదు. మొదటి ముక్కకే లేచి పరిగెత్తేది. రెండో ముక్క దాకా ఆగిందెప్పుడు?

సహానా ఆపడం మరిచి కప్పులో వేసిన ఆయన చెవిమిషన్, పక్క బల్ల మీద సన్నగా కూస్తోంది.