లాంతరు పబ్బులో ఆదివారం

ముందు వాసన వస్తుంది.

రాత్రి ఒలికిన బీరు, తెల్లారి కొట్టిన ఫినాయిలు, నలభై ఏళ్ళ పాత కొయ్య... మూడూ కలిసిపోయి, ఇది ఇదీ అని విడదీయలేని వాసన. తలుపు తీస్తే క్రీక్ అనే సముద్రపు పాయ మీది ఉప్పుగాలి కూడా వచ్చి దాంట్లో కలుస్తుంది.

ఆ వాసనలోకి ప్రేమకుమారి బైబిలు పట్టుకుని నడిచి వస్తుంది.

ప్రతి ఆదివారం. పొద్దున ఎనిమిదింటికి.

గల్ఫులో, డేరా అనే పేటలో, నాయిఫ్ బజారు వెనక సందులో, ఒక పాత హోటలు. దాని కింది అంతస్తులో ఇంగ్లీషువాళ్ళ పద్ధతిలో కట్టిన పబ్బు. బోర్డు మీద పేరేదో పొడుగ్గా ఉంది గానీ, గుమ్మానికి ఇత్తడి లాంతరు వేలాడుతుంది కాబట్టి మనవాళ్ళందరికీ అది లాంతరే.

మధ్యాహ్నం నుంచి అది పబ్బు. పొద్దున రెండు గంటలు మాత్రం దేవుని మందిరం.

నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. నర్సులు, ఆయాలు, డ్రైవర్లు, అందరూ కోస్తా జిల్లాల వాళ్ళు, నలభై మంది. పెద్ద చర్చిలో తెలుగుకి దొరికే వేళ వీళ్ళ డ్యూటీలకు కుదరదు. ఈ హోటలు ముదీర్, అంటే మేనేజరు, మంచివాడు. ఖాళీగా ఉన్న గది వాడుకోండి అన్నాడు. పొద్దునపూట ఖాళీగా ఉండే గది ఇదొక్కటే.

అలా పద్నాలుగేళ్ళు.

మొదట్లో శుక్రవారాలు. ఇక్కడ సెలవు ఆ రోజే కాబట్టి ప్రభువు కూడా శుక్రవారానికి సర్దుకున్నాడు. రెండువేల ఇరవై రెండులో సెలవు మారింది. ఆదివారం మళ్ళీ ఆదివారం అయింది.

లచ్చన్న కుర్చీలు వేస్తాడు. జగిత్యాల వైపు మనిషి, పబ్బులో ఊడ్చే పని, మెడలో ఆంజనేయస్వామి బిళ్ళ. సీసాల అరలకి హోటలు తెల్లదుప్పట్లు కప్పేది కూడా ఆయనే. బల్లల మీద గ్లాసుల తడి గుండ్రంగా మిగిలి ఉంటుంది. బైబిలు తడవకుండా అందరూ కింద బీరు గ్లాసుల అట్టముక్క పెట్టుకుంటారు. వారమంతా స్కూలు బస్సు తోలి ఆదివారం వాక్యం చెప్పే ప్రేమ్‌చంద్ అయ్యగారు, తాగుడు గురించి చెప్పాల్సి వస్తే దుప్పట్ల వైపు చూడకుండా చెప్తారు.

తాళం మాత్రం విల్సన్‌ది.

విల్సన్ — ప్రేమకుమారి భర్త. ఇరవై రెండేళ్ళుగా లాంతరులో గ్లాసులు నింపుతున్నాడు. తెల్లవారుజామున మూడింటికి ఇల్లు చేరి, ఏడింటికి మళ్ళీ లేచి, వీళ్ళ కోసం తలుపు తీస్తాడు. ప్రార్థన మొదలవగానే వంటగదిలోకి తప్పుకుంటాడు.

"తాగబోసే సేత్తో దణ్ణవేం పెడతాంలే," అంటాడు.

ఆమె నర్సు, క్లినిక్కు పొద్దున. ఆయన పబ్బు సాయంత్రం. ఆమె వచ్చేసరికి ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఉంటాడు. ఆయన వచ్చేసరికి ఆమె నిద్రలో ఉంటుంది. పార్టిషన్ గది, ఒకటే మంచం — ఒకరు లేచిన వెచ్చదనంలో ఇంకొకరు పడుకోవడం. కూర ఫ్రిజ్‌లో ఉందని చీటీ. గ్యాసు అయిపోయిందని చీటీ. పెళ్ళయి పాతికేళ్ళు దాటింది, కలిసి తిన్న రాత్రి భోజనాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

అందుకని ఆమెకొక రహస్యం ఉంది.

అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు, పెదవి కదపకుండా, ఒకే ఒక్క మాట.

ప్రభువా, ఈ పబ్బు మూసెయ్యి.

ఎంత ధైర్యమో చూడండి. ఆ పబ్బులోనే కూర్చుని, ఆ బల్ల మీదే మోచేతులు ఆనించి, ప్రతి వారం అదే మాట.

మూసెయ్యి. మూసెయ్యి.

రెండువేల ఇరవైలో నిజంగానే మూశారు. కరోనా. నెలల తరబడి విల్సన్ ఇంట్లోనే ఉన్నాడు. కానీ ఆమెను క్లినిక్కు వాళ్ళు వేరే బిల్డింగులో ఉంచారు. అన్ని నెలలూ ఇద్దరూ ఫోనులో మొహాలు చూసుకున్నారు. ఆయన ఒక్కడే వండుకుని, ఏం వండాడో చూపించేవాడు. అప్పుడైనా ఆమెకు అర్థమై ఉండాలి. కాలేదు. లాంతరు తెరిచారు, ఆమె మళ్ళీ మొదలుపెట్టింది.

క్రీక్‌లో నీళ్ళు వస్తున్నాయి, పోతున్నాయి. పడవలు అటు, ఇటు.

పోయిన ఆదివారం కుర్చీలు సర్దుతూ లచ్చన్న అన్నాడు — "అక్కా, నిన్న ముదీర్ అచ్చి చెప్పిండు. హోటల్ అమ్మిండ్రట. కొన్నోడు పబ్బు వద్దంటుండట. నెలాఖరుకు ఖలాస్."

"నిజమా లచ్చన్నా?"

"నిజమే. ఇంకెవలో నడుపుతమని అడుగుతుండ్రట. ఈ బుధవారం కాదు, పై బుధవారం మాట్లాడుకుంటరట. అయితె అయితది, లేకుంటె లేదు."

దాచడమెందుకు — ఒక్క క్షణం ఆమెకు ఒళ్ళంతా సంతోషమైంది. పద్నాలుగేళ్ళ మాట ప్రభువు చెవిన పడింది. ఇక సాయంత్రం ఇంటికొస్తే మనిషి ఉంటాడు.

లచ్చన్న చీపురు ఆపాడు.

"విల్సనన్నకే కష్టమక్కా. అరవై దాటినంక కొత్త వీసా ఎవడిస్తడు? ఇంటికి పోవుడే."

ఆమె కుర్చీలో కూర్చుండిపోయింది.

అవును... ఆయనకి అరవై ఒకటి. ఆమె తన వీసా మీద ఆయన్ని పెట్టుకుందామంటే సొంత పేరున ఇంటి అద్దె కాగితం కావాలి. వాళ్ళది ఎవరి ఫ్లాట్‌లోనో చెక్క అడ్డం పెట్టిన గది. ఆమె కూడా వెళ్ళిపోదామంటే అమలాపురంలో కూతురు ఫేబా నర్సింగు ఇంకా రెండేళ్ళుంది. పిల్ల చదువు ఆమె ఉద్యోగం మీదే నడుస్తోంది.

అంటే ఆయన అక్కడ, ఆమె ఇక్కడ. తలుపు దగ్గర ఎదురుపడటం కూడా ఉండదు. చీటీలు కూడా ఉండవు.

అడిగింది ఇచ్చాడు ప్రభువు. అడిగినంత వరకే ఇచ్చాడు.

ఆ రోజు విల్సన్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ అన్నాడు — "ఇంటికెల్లిపోతాన్లే ప్రేమా. పిల్లకి తోడుంటాను. రెండేళ్ళు... ఎంతలో గడుత్తాయి."

"మీకేం తెలుసండీ," అంది ఆమె. ఆ మాటే అనగలిగింది.

వారమంతా నిద్ర లేదు. పేషంటుకి సూది వేసి ఛార్టులో రాయడం మర్చిపోయింది. నేనే చేశాను... నేనే చేశాను. ఎవరికి చెప్పుకుంటుంది?

ఇవాళ మళ్ళీ ఆదివారం.

దుప్పట్లు కప్పారు. పాటలు అయిపోయాయి. ప్రేమ్‌చంద్ అయ్యగారు గొంతు సవరించుకున్నారు. ఆయన ఇబ్బంది చూడాలి. మద్యం మానమని ఇన్నేళ్ళు చెప్పిన నోటితో, పబ్బు నిలబడాలని ఎలా అడగడం?

"ఈ... స్థలం గురించి ప్రార్థన చేద్దాం," అన్నారు. "బుధవారం తేలుతుందట. సిస్టర్ ప్రేమకుమారి గారు నడిపిస్తారు."

ఆమె లేచింది.

వంటగది తలుపు దగ్గర విల్సన్ ఆగిపోయాడు. భార్య పేరు విని లోపలికి వెళ్ళలేకపోయాడు. చేతిలో తుడుస్తున్న గ్లాసు.

నలభై మంది కళ్ళు మూసుకున్నారు. ఏసీ రొద వినిపిస్తోంది.

"ప్రభువా," అంది. ఆగింది.

ఈ స్థలాన్ని కాపాడు అంటే అయిపోను. అందరూ ఆమేన్ అని టీ తాగేవాళ్ళు. ఆ మాట ఎంతకీ రాలేదు.

"ప్రభువా... ఇది మూతపడాలని అడిగింది నేనే."

కొందరు కళ్ళు తెరిచారు.

"పద్నాలుగేళ్ళు ఇక్కడే కూర్చుని అడిగాను. మనిషి ఇంటికి రావాలని అడగడం తెలీలేదు నాకు. తలుపు మూసెయ్యమని అడిగాను."

ఎవరూ ఆమేన్ అనలేదు. దానికి ఆమేన్ అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. అయ్యగారు బైబిల్లోకి చూస్తూ ఉండిపోయారు. ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది.

గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

విల్సన్ బారు చుట్టూ తిరిగి వచ్చాడు. ఎడమ మోకాలు నొప్పి, నెమ్మదిగానే వచ్చాడు. ఇన్నేళ్ళలో ఎన్నడూ కూర్చోని కుర్చీల్లో, ఆమె పక్క కుర్చీలో కూర్చున్నాడు. తడి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"అలా ఆపేత్తే ఎలా," అన్నాడు మెల్లగా. "సరిగ్గా అడుగు ప్రేమా."

ఆమె చేతులు దించింది. కళ్ళు మూసుకుంది.

"ప్రభువా. పేరు విల్సన్. వయసు అరవై ఒకటి. ఎడమ మోకాలు నొప్పి, మెట్లు ఎక్కలేడు. ఈ పబ్బు ఉన్నా సరే, పోయినా సరే. ఈ డేరాలో అయినా సరే, అమలాపురంలో అయినా సరే. రోజూ. రాత్రి అన్నం వేళకి. ఫోనులో కాదు, తండ్రీ... మనిషే. నా పక్కన."

ఆమేన్ మాత్రం అనలేదు.

ఇంకేదైనా చెప్పడం మర్చిపోయానేమోనని నిలబడి ఆలోచిస్తోంది.