దాచిన సీసా

బ్యూటీ పార్లర్‌లో రోజంతా నెయిల్ పాలిష్ ఘాటు పీల్చే ఆ తల్లి, మనవల్ని ఎత్తుకునేదాకా తన ఊపిరి గట్టిగా ఉండాలని పంతం పట్టి, ఇంట్లోని రూమ్ స్ప్రేలు, సెంట్లు, ఘుమఘుమల సబ్బులు అన్నీ ఊడ్చిపారేసింది.

నెల తిరిగాక ఒక ఉదయం ఏదో వాసన ముక్కుకు తగిలింది. ఎండలో ఆరిన దుప్పటిలా వెచ్చగా ఉంది.

"ఏ సీసా దాచారండీ?" అని భర్త మీద విరుచుకుపడింది.

"నీ మీద ఒట్టు! నా షేవింగ్ క్రీమ్ కూడా పారేశావు కదా!" అన్నాడతను మాసిన గడ్డం గోక్కుంటూ.

ఆమె నమ్మలేదు. బీరువా, మంచం కింద అంతా గాలించింది. నిద్రపోతున్న కూతురి దిండు కింద వెతకబోయి ఆగిపోయింది. వాసన పాప మాడు నుంచి వస్తోంది.

ఆరేళ్లుగా చంకనేసుకుని తిరిగిన బిడ్డ వాసన ఆమెకు తెలియడం అదే మొదటిసారి.

"దొరికిందా సీసా?" భర్త కేకేశాడు.

"అరవకండి," అందామె, పాప మాడుకు ముక్కు ఆనించి. "ఇలా వచ్చి వంగండి."