శుక్రవారం గడప

వేలిగోరంత పసుపు.

తలుపు మీది అర్ధచంద్రపు గాజులోంచి ఉదయపు ఎండ జారి, సరిగ్గా దాని మీదే పడింది.

దేదీప్య గడప మీదికి ఇంకాస్త వంగింది.

జెర్సీ సిటీలో ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డ ఎర్ర ఇటుకల ఇళ్ళు. అందులో ఇది మూడోది. నూట డెబ్బై ఏళ్ళ క్రితం ఇంగ్లండు నుంచి వచ్చిన మేస్త్రీ ఒకాయన తన ఊరి ఇళ్ళను తలుచుకుంటూ కట్టాడు — సన్నటి ముఖం, నిటారు మెట్లు, పొడవాటి కిటికీలు. ఇప్పుడు రక్షిత కట్టడం. అనుమతి లేకుండా మేకు కూడా కొట్టకూడదు.

గడప మాత్రం తర్వాతెప్పుడో వేసినదని ఇంటి యజమాని వాదన. ఇంటితో పుట్టిందని రుజువైతే ఉంటుంది. లేదంటే సోమవారం పెకలించి అల్యూమినియం పట్టీ వేస్తారు.

తేల్చాల్సింది దేదీప్య. పాత కట్టడాల మీద మాస్టర్స్ చేస్తోంది. మొదటి ఇంటర్న్‌షిప్. మధ్యాహ్నం రెండింటికి రక్షిత కట్టడాల కమిషన్ ముందు హియరింగ్.

పొద్దున్నే వచ్చి గడప మీది పాత రంగుల పొరలు ఒక్కొక్కటే గీకింది. గోధుమరంగు... ఆకుపచ్చ... నలుపు... మీగడరంగు... అట్టడుగున, చెక్కనంటుకుని — పసుపు.

మొదటి రంగు! ఆ మేస్త్రీ వేయించిన రంగు! ప్రొఫెసర్‌కి ఫోటో పంపేసింది కూడా.

వెనక అడుగుల చప్పుడు. కింది అంతస్తులో అద్దెకుండే విద్య ఆంటీ, చేతిలో చిన్న గిన్నె.

"కొంచెం జరుగుతావామ్మా? శుక్రవారం కదా. పదకొండేళ్ళుగా ఒక్క వారం కూడా మిస్ చేయలేదు."

గిన్నెలో, నీళ్ళలో కలిపిన పసుపు.

చిన్నప్పటి నుంచీ అమ్మ చేతులకు చూసిన రంగు. పోల్చుకోలేకపోయింది! సిగ్గుతో చెవులు వేడెక్కాయి. నవ్వూ వచ్చింది. పెచ్చుల సందుల్లోంచి పసుపునీళ్ళు అడుక్కి దిగాయి, అంతే.

దిగాయి... ఎందులోకి?

మళ్ళీ వంగింది. పసుపు చెక్కంతా పరుచుకోలేదు. గీతల్లో ఇంకింది. ఉలితో చెక్కిన గీతలు — నిలువుగా మూడు, అడ్డంగా ఒకటి. ఏ ముక్క ఎక్కడ బిగించాలో పాత వడ్రంగులు పెట్టుకునే గుర్తు.

ద్వారబంధం అడుగున టార్చ్ వేసింది.

నిలువుగా మూడు. అడ్డంగా ఒకటి.

రెండూ ఒక్క చేతివే — గడప ఇంటితో పుట్టిందే! ఒళ్ళంతా పులకరించింది. లేచి ఆంటీని గట్టిగా వాటేసుకుంది; గిన్నె తొణికి తన వేళ్ళు తడిశాయి.

పసుపు లేకపోతే ఆ గీతలు ఎవరికీ కనిపించేవి కావు. కానీ ఫోటో చూపిస్తే, అనుమతి లేని రంగు ఎవరు పూశారని కమిషన్ అడుగుతుంది. గడప నిలుస్తుంది. శుక్రవారాలు నిలుస్తాయా? ఆ మాటే ఆంటీతో అంది.

"నా పేరే రాసెయ్యమ్మా," అంది ఆంటీ. "గడప ఉంటే చాలు."

రిపోర్టులో, రంగు పేరు రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. దేదీప్య పెన్ను తీసింది. ఎండ కాస్త జరిగింది...

ఆ గడి అంచున, ఆమె పట్టుకున్నచోట —

వేలిగోరంత పసుపు.