పేరంటాలి చీర

పొద్దున్నే విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర మా లా కాలేజీలో మతస్వేచ్ఛ మీద క్లాసు చెప్పి, పదకొండింటికల్లా చల్లపల్లిలో అత్తగారింట్లో గారెలకి పప్పు రుబ్బుతున్నాను. సెలవు దొరకలేదంటే ఈ ఇంట్లో ఎవరూ వినరు. ఇవాళ పేరంటాలి పూజ.

నాలుగు తరాల కిందట ఈ ఇంటి నూతినీళ్లు ఉప్పగా మారితే, మళ్లీ తియ్యగా మారాలని తనంతట తాను అందులో దూకిన కోడలట ఆవిడ. పేరు ఎవరికీ గుర్తులేదు. నూతి పక్కన చిన్న గుడి కట్టారు. ఏటా అందులో కొత్తచీర పెట్టి తలుపు మూసి, గంటయ్యాక తీస్తారు. ఆ చీర ఇంటికోడలు కట్టుకుని, పొద్దుగూకేదాకా నోరు విప్పకూడదు. ఇరవై ఏళ్లుగా రాజ్యాంగం పాఠాలు చెప్పే నేను ఏడాదికోరోజు మూగదాన్నవుతాను. తలుచుకుంటే నవ్వూ వస్తుంది, ఒళ్లూ మండుతుంది.

ఈసారి చీర అంచు తడిగా ఉంది.

"కలశం ఒలికుంటుందిలే, కట్టుకో" అన్నారు అత్తగారు శాంతకుమారి.

కలశం నిండుగానే ఉంది. కట్టుకోగానే కాళ్లు జివ్వుమన్నాయి. భయమేసింది.

రోడ్డు వెడల్పులో గుడి పోతుందని మావారు శరత్‌చంద్ర హైకోర్టులో కేసు వేస్తున్నారు. ఆయన వకీలు. భోజనాల దగ్గరే కాగితం నా ముందు పెట్టారు.

"ఇంటి కోడలివి, పైగా ప్రొఫెసర్‌వి. నీ అఫిడవిట్‌కి విలువుంటుంది. సంతకం చెయ్యి వేదా, మాట్లాడక్కర్లేదుగా!"

బంధువులంతా నవ్వారు. 'ఆమె స్వచ్ఛందంగా ప్రాణమిచ్చినది' అని రాసుంది. ఏ ఆచారం కోర్టుకొచ్చినా, ఇందులో స్వేచ్ఛ ఎవరిదని ముందు అడగండర్రా అని పిల్లలకి చెప్తాను. నేను సంపాదించుకున్న పేరంతా ఆ ప్రశ్న అడగడం వల్లే. ఇప్పుడీ సంతకం పెడితే రేపు ఏ మొహం పెట్టుకుని క్లాసుకెళ్లను?

'నేను సంతకం చెయ్యను' అందామని నోరు తెరిచాను.

"నేను దూకలేదు."

గొంతు నాదే. నేను అనబోయిన మాట అది కాదు. నాలుక మీద ఉప్పునీళ్ల రుచి.

వడ్డన ఆగిపోయింది. అత్తగారు వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆవిణ్ణి తోసేశారని మా అత్తగారు పోయేముందు నా ఒక్కదాని చెవిలోనే వేశారు. నీకెవరు చెప్పారమ్మా?"

ఎవరూ చెప్పలేదు. కాగితం వెనక్కి తిప్పి, ఖాళీ వైపున రాశాను: 'శాంతకుమారి అను నేను, నాకు తెలిసిన నిజం ప్రమాణపూర్వకంగా చెబుతున్నాను.'

పెన్ను ఆవిడ చేతికిచ్చాను.