సున్నం వెయ్యని సమాధులు

నడుస్తూ నడుస్తూ పడిపోతున్న మా పెద్దవాణ్ణి పరీక్ష చేసి, తెనాలి డాక్టరు గారు ఒక్కటే అడిగారు. "ఇది తల్లి వైపు నుంచి వచ్చే జబ్బమ్మా. మీ పుట్టింట్లో మగపిల్లలెవరికైనా ఇలా కాళ్లు పడిపోయాయా?"

నేను నోరు తెరవకముందే మా అమ్మ సుగుణమ్మ జవాబిచ్చేసింది. "లేదండి, మాలో ఎవరికీ లేదండి."

ఆ మాట నమ్మి రెండోవాణ్ణి కన్నాను. ఇప్పుడు వాడూ మోకాళ్ల మీద చేతులు ఆనించుకుని లేస్తున్నాడు.

అమ్మమ్మ పోయాక వచ్చిన మొదటి ఈస్టరుకి ముందురోజు, ఆమె సమాధికి సున్నం వేయడానికి బాపట్ల నుంచి కొలకలూరు వెళ్లాం. అమ్మ మమ్మల్ని ఎన్నడూ, అమ్మమ్మని పూడ్చిన రోజున కూడా తీసుకెళ్లని ఊరది. పక్కనే నాచు పట్టిన సమాధులు రెండున్నాయి. ఎవరివని ఆ ఊరి కాంతమ్మత్తని అడిగాను.

"మీ మేనమామలవేగా అమ్మాయ్! పాపం, ఇద్దరూ నడవలేక పాకుతూనే పోయారు."

అమ్మకి తోబుట్టువులే లేరని ముప్పయ్యేళ్లుగా వింటున్నాను. అమ్మ వైపు తిరిగాను.

"డాక్టరు అడిగినప్పుడు మీ చెల్లికి సంబంధం చూస్తున్నామే," అంది తల దించుకుని. "చెబితే ఎవరు చేసుకుంటారు? దానికిప్పుడు ఐదో నెల. నోరు జారకు, నీకు దణ్ణం పెడతాను."

అంటే నా రెండోవాడి కాళ్లు పణంగా పెట్టి చెల్లి పెళ్లి చేసింది.

చెల్లి పుష్పలత బావి దగ్గర సున్నం కలుపుతోంది. నేను నోరు జారలేదు. తెలిసే, గట్టిగా పిలిచాను.

"పుష్పా, ఇలా రా. మనకి ఇద్దరు మామయ్యలున్నారు. వీళ్లక్కూడా సున్నం వెయ్యి. ఎలా పోయారో అమ్మ చెబుతుంది."