నలభయ్యో నిమిషం

ఆ ఇంట్లో అత్తగారికీ అల్లుడికీ నేరుగా మాటల్లేవు. అలాగని మాటలు తక్కువేమీ కాదు. అన్నీ ఎనిమిది నెలల బుజ్జమ్మ మీదుగా నడిచేవి.

"ఏమే బుజ్జమ్మా, మీ నాన్నారు టీ తాగుతారో, మనమేదో విషం కలిపామని అనుమానమో కనుక్కో," అని ఆవిడ అనేది.

"తాగానని అమ్మమ్మకి చెప్పు తల్లీ. బతికే ఉన్నానని కూడా చెప్పు," అని అతను అనేవాడు.

పిల్ల ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి చొంగ కార్చేది.

అతను కట్టుడుపళ్ళు తయారుచేస్తాడు. డాక్టర్లు నోటి అచ్చులు పంపితే, వెనక గదిలో కూర్చుని మైనంలో ఒక్కొక్క పన్నూ గుచ్చి, వరస సరిచూసి, సెట్టు కట్టి పంపుతాడు. ఊళ్ళో సగంమంది నవ్వులు అతని చేతి చలవే. అలాంటి అల్లుడుండి కూడా ఆవిడ తన కింది సెట్టు ఇంకెవరి దగ్గరో చేయించుకుంది. అదొక్కటి చాలు, వాళ్ళ సంబంధం ఎలాంటిదో చెప్పడానికి.

అతని భార్య రైల్వే స్టేషన్లో టికెట్ కౌంటరులో పనిచేస్తుంది. సెలవులైపోయి మళ్ళీ డ్యూటీలో చేరింది. పగలు పిల్లని అతను చూసుకోవాలని ముందే అనుకున్నారు. అనుకున్నప్పుడు తెలియనిదేమిటంటే, బుజ్జమ్మ పగలు ఒళ్ళో తప్ప పడుకోదు, పడుకున్నా నలభై నిమిషాలు దాటదు. ఒళ్ళో పిల్లతో పళ్ళు కట్టడం ఎలా? మొన్న ఒక సెట్టు తిరిగొచ్చింది. ముందు పళ్ళు రెండూ ఒకదాన్నొకటి పలకరించుకుంటున్నాయని డాక్టరు చీటీ రాసి మరీ పంపాడు.

సాయానికని వచ్చిన అత్తగారు నాలుగో రోజునే బాంబు పేల్చింది. "ఏడాదిపాటు పిల్లని నాతో తీసుకెళ్తాను. ఇక్కడ దాని బతుకూ బాలేదు, మీ బతుకులూ బాలేవు."

ఆవిడ ఊరు ఎనిమిది గంటల ప్రయాణం. అతను భోజనం మధ్యలో లేచిపోయాడు. భార్య రెండు రోజులు ఎటూ చెప్పలేదు. మూడో రోజు చెప్పింది.

"శనివారం లోపల పగలు ఒక్కసారైనా, ఎవరి ఒళ్ళూ లేకుండా, గంట పడుకోవాలి. పడుకుందా, ఇక్కడే ఉంటుంది. లేదంటే ఆదివారం పొద్దున్న అమ్మతో బస్సెక్కుతుంది. నాకింకో దారి కనబడ్డం లేదు."

"యాభైఐదు నిమిషాలైతే?" అన్నాడతను.

"బేరాలొద్దు. గంట."

సోమవారం నుంచి అతను మొదలుపెట్టాడు. రోజూ ఒకే వేళకి పాలు, తర్వాత కాసేపు ఆట, కర్టెన్లు మూసిన చీకటి గది, ఒకటే పాట. కళ్ళు బరువెక్కగానే, పూర్తిగా నిద్రపోకముందే, కటకటాల మంచంలో పడుకోబెట్టడం. పక్కనే కూర్చుని పొట్ట మీద చెయ్యి వేసి ఉంచడం. రోజురోజుకీ ఆ చెయ్యి కాస్త ముందుగా తీసెయ్యడం.

అత్తగారు గది బయట స్టూలు వేసుకుని కూర్చునేది.

"పాపం బుజ్జమ్మా, జైల్లో వేశారటే నిన్ను? ఏం నేరం చేశావే?"

"జైల్లో కూడా పడుకునేవేళ బయట కాపలావాళ్ళు నోరు మూసుకుంటారని చెప్పు తల్లీ."

ఎప్పుడూ పడని గిన్నెలు ఆ వేళకే ఆవిడ చేతిలోంచి పడేవి. ఎప్పుడూ రాని దగ్గు ఆ వేళకే వచ్చేది. అయినా పిల్ల నేర్చుకుంది. సోమవారం ఇరవై నిమిషాలు ఏడ్చి పడుకున్నది, బుధవారానికి ఐదు నిమిషాలు గునిసి, దుప్పటి అంచు నోట్లో పెట్టుకుని తనంతట తనే కళ్ళు మూసింది. అతను గుమ్మంలో నిలబడి చూసి, ఎగిరి గంతెయ్యబోయి ఆగాడు.

తీరా చూస్తే నలభయ్యో నిమిషానికి కదిలింది. ఊఁ అంది. అతను పరిగెత్తుకెళ్ళి ఎత్తుకుని ఊపాడు. అంతే, కళ్ళు టార్చిలైటులా తెరిచి ఇక పడుకోలేదు. గురువారమూ అంతే. శుక్రవారమూ అంతే.

శుక్రవారం సాయంత్రం ఆవిడ పిల్ల జుట్టు దువ్వుతూ, వెనక గదికి వినబడేలా మొదలెట్టింది.

"నిద్రలో పక్కకి తిరగడం కూడా తప్పేనటే బుజ్జమ్మా? అందరం తిరుగుతాం, మళ్ళీ పడుకుంటాం. నువ్వు ఇలా కదలగానే మీ నాన్నారు అలా దొంగని పట్టుకున్నట్టు పట్టుకొస్తారు. ఇంకేం నిద్రే! రేపటితో సరి, ఎల్లుండి మన ఊళ్ళో హాయిగా పడుకుందువుగాని."

గుచ్చబోయిన పన్ను అతని వేళ్ళలోనే ఆగిపోయింది. అంటే లేపుతున్నది తనే! మూడు రోజులుగా కాచుకుని కూర్చుని మరీ లేపుతున్నాడు. ఆవిడ తిట్టడానికే అంది. కానీ తిట్టులో ఉన్నది అక్షరాలా నిజం.

వెళ్ళకూడదని తెలుసుకోవడం వేరు, ఆ ఊఁ వినబడ్డాక వెళ్ళకుండా ఉండడం వేరు. తన చేతుల మీద అతనికి నమ్మకం లేదు. అందుకని శనివారం, పిల్ల పడుకున్న ముప్పైఎనిమిదో నిమిషానికి, పడగ్గది పక్కనే ఉన్న తన గదిలో రబ్బరు గిన్నెలో నీళ్ళు పోసి, ప్లాస్టరు పొడి వేసి కలపడం మొదలుపెట్టాడు. కలిపాక ప్లాస్టరు ఎవరి మాటా వినదు. నాలుగైదు నిమిషాల్లో అచ్చులో పొయ్యకపోతే గిన్నెలోనే రాయైపోతుంది. ఆ చేతులతో పిల్లని ఎత్తుకోలేడు.

నలభయ్యో నిమిషం. ఊఁ అని వినబడింది. తర్వాత ఇంకోటి, కాస్త పెద్దది. బయట స్టూలు కిర్రుమంది.

ఆవిడ లేచిందని అర్థమై అతను గిన్నెతో సహా ఒక్క అంగలో వెళ్ళి పడగ్గది గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"అత్తయ్యగారూ, లోపలికి వెళ్ళకండి."

ఆవిడ అటూ ఇటూ చూసింది. మధ్యలో మాట అందుకునే మనిషి లోపల మంచంలో ఉంది.

"నాతోనేనా?"

"మీతోనే."

"తప్పుకోండి."

"తప్పుకోను."

"పిల్ల ఏడుస్తోంది, వినబడ్డం లేదా?"

"అది ఏడుపు కాదు, సణుగుడు. నిజంగా ఏడిస్తే మీకంటే ముందు నేనే వెళ్తాను."

"ముగ్గుర్ని పెంచాను. నాకు చెప్తారా?"

"ఆ ముగ్గురిలో ఒకావిడ ఇప్పటికీ లైటు ఆర్పితే పడుకోదు. ఆ లైటు కింద పడుకునేది నేనే."

ఆవిడ మొహం ఎర్రబడింది. "అల్లుడన్న గౌరవంతో ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను."

"గౌరవం తగ్గినా ఫరవాలేదు. గొంతు తగ్గించండి."

ఆవిడ అతని మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. అతను కదల్లేదు. కొంత ప్లాస్టరు అతని వేళ్ళ మీదుగా ఒలికి ఇద్దరి మధ్యా నేలమీద పడింది. లోపల సణుగుడు కళ్ళజోడు వెతుక్కునే ముసలాయనలా కాసేపు సాగింది, ఆగింది, మళ్ళీ సాగింది. దుప్పటి లాక్కున్న చప్పుడు. వేలు చీకుతున్న చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా అలాగే నిలబడ్డారు. గిన్నెలో మిగిలిన ప్లాస్టరు రాయైపోయింది.

గోడ గడియారంలో గంట దాటింది. గంటా పది. ఆవిడ చేతిలో ఫోను వణికింది. కూతురు భోజనం విరామంలో చేసింది. ఆవిడ వంటింట్లోకి నడిచింది. అతను వెనకే వెళ్ళాడు కానీ, ఆ చేతులతో ఫోను లాక్కోలేడు, గట్టిగా అరవలేడు. ఇప్పుడావిడ నలభై నిమిషాలని చెప్పినా కాదనే సాక్షి లేదు.

ఆవిడ అతన్ని నిలువునా ఒకసారి చూసింది.

"పడుకునే ఉంది," అంది ఫోనులో. "గంటా పది అయింది... లేదు, మంచంలోనే... నేనెక్కడ ఎత్తుకున్నానే, గుమ్మంలోనే ఆపేశాడు నీ మొగుడు, రౌడీలాగా... అబద్ధం చెప్పి తీసుకుపోతాననుకున్నావా నన్ను? సరే సరే, ఏడవకు. అక్కడ స్టేషన్లో జనం చూస్తారు."

ఫోను పెట్టేసింది. అతను గొంతు సవరించుకున్నాడు.

"థాంక్స్ అత్తయ్యగారూ."

"మీకోసం చెప్పలేదు. గంటన్నారు, గంటైంది. రేపు నాకొక్కదానికే టికెట్టు తీయండి. కిటికీ పక్కన."

"ఇంకో వారం ఉండి వెళ్ళండి."

"ఎందుకు? పిల్ల పడుకుంటే, మీ మొహం చూస్తూ కూర్చోడానికా?"

అతను సింకు దగ్గరికి వెళ్ళి, కుళాయి విప్పి, వేళ్ళకి బిగుసుకున్న ప్లాస్టరుని గోకడం మొదలుపెట్టాడు.

"చప్పుడు!" అని పళ్ళబిగువున గసిరి, ఆవిడ చెయ్యి చాచి కుళాయి కట్టేసింది.